వార్డెన్ని కట్టేసిన మందు

ఆ ఆసుపత్రి కింది అంతస్తులో కిటికీలు లేని గది ఒకటి ఉంది. గదిలో బల్లంత యంత్రం. దానికి ఒక పక్క రక్తం ట్యూబు తగిలిస్తే రెండో పక్క స్క్రీన్ మీద చుక్కలు రాలతాయి. ఒక్కో చుక్క ఒక్కో కణం. పందొమ్మిదేళ్లుగా ఆ చుక్కల ముందు కూర్చుంటున్న టెక్నీషియన్ని అందరూ చుక్కలమ్మ అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. అక్కడే ఉంది.

పని చెప్పుకుంటే చిన్నదే. కణాలకు ముందు రంగు అద్దాలి. రంగు అద్దిన కణాలు సన్నటి గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. గొట్టం మధ్యలో లేజరు వెలుతురు. దాని కిందుగా పోయేటప్పుడు రంగు అంటిన కణం మెరుస్తుంది, అంటనిది మెరవదు. మెరిసింది స్క్రీన్ మీద కుడివైపు చుక్కై పడుతుంది, మెరవనిది ఎడమవైపు. అటెన్ని, ఇటెన్ని అని లెక్క రాసి పైకి పంపితే చుక్కలమ్మ పని అయినట్టే.

వెలుతురు తగిలితే రంగులు చెడతాయి కాబట్టి గదిలో దీపాలు ఆర్పి ఉంచాలి. చీకట్లో యంత్రం మూలుగు వింటూ, రాలే చుక్కల్ని చూస్తూ కూర్చుంటే ఎవరికైనా కునుకు పడుతుంది. చుక్కలమ్మకు కునుకు పట్టేది కాదు. కళ్లు తెరిచి ఉండగానే ఆవిడ ఒక సందులోకి వెళ్లిపోయేది. ఆ సందులో ఒకే దీపం. ఒకరి వెనక ఒకరు మనుషులు నడుస్తుంటారు. దీపం కిందికి వచ్చినప్పుడు ఎవరి భుజం మీద ఏ రంగు గుడ్డ ఉందో తెలుస్తుంది. వాళ్లకు తొందర లేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని లెక్కపెడుతుంది. యంత్రం కీచుమనగానే సందు పోయి స్క్రీన్ వస్తుంది. ఈ సంగతి ఒకసారి భర్తకు చెప్పింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. నువ్వు నయం, నీకు మనుషులొస్తున్నారు, నాకు కలలోనూ పళ్లచక్రాలే అన్నాడు.

ఆయన తల్లి వార్డెనమ్మ. ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఒక్క ఏళ్లు వార్డెన్‌గా చేసి దిగిపోయిన మనిషి. ఉద్యోగం నుంచి దిగినా ఆ కుర్చీ లోంచి దిగలేదు. ఇంట్లో ఎవరు ఎన్నింటికి వెళ్లారో, ఎన్నింటికి వచ్చారో ఆవిడకు నోటికి వచ్చు. కోడలితో ఆవిడకు పోట్లాటలు లేవు, పొగడ్తలూ లేవు.

రెండేళ్ల కిందట వార్డెనమ్మ వీపు మీద పుట్టుమచ్చ పెరిగింది. కోసి తీశారు. కిందటేడు మెడ పక్కన గడ్డ తేలింది, నిమ్మకాయంత. పుట్టుమచ్చలోని క్యాన్సరే మెడకు పాకిందన్నారు. పెద్ద డాక్టరు ఒక మందు మొదలుపెట్టాడు. మూడు వారాలకొకసారి కుర్చీలో కూర్చోబెట్టి అరగంట సేపు నరంలోకి ఎక్కిస్తారు.

ఆ మందు క్యాన్సర్ని చంపదు. పెద్ద డాక్టరు మొదటి రోజే చెప్పాడు. చంపేది మన రక్తంలోని కాపలా కణాలు. అవి కనపడ్డవాళ్లందరి మీదా పడకుండా వాటి ఒంటి మీద ఒక గ్రాహకం ఉంటుంది. దాన్ని చెవి అనుకోండి అన్నాడు. ఆ చెవికి ఒక్క మాటే వినిపిస్తుంది, "ఇక చాలు" అని. జ్వరం తగ్గాక, పుండు మానాక పక్కనున్న మామూలు కణాలు ఆ మాట అంటాయి, కాపలా కణం ఎత్తిన చెయ్యి దించుతుంది. గడ్డ గడుసుది. అదీ ఆ మాట నేర్చుకుంది. కాపలా కణం దగ్గరికి రాగానే ఇక చాలు అంటుంది, వచ్చింది వచ్చినట్టే వెనక్కి పోతుంది. ఈ మందు వెళ్లి ఆ చెవిలో దూది పెడుతుంది. అంతే.

వార్డెనమ్మ అంతా విని, మరి నిజంగా చాలు అనాల్సినవాళ్లు అంటే వాటికెలా వినిపిస్తుంది అని అడిగింది. పెద్ద డాక్టరు కలం పక్కన పెట్టి, అందుకే ఏ తేడా వచ్చినా మీరు మాకు చెప్పాలి అన్నాడు. నర్సు జాబితా చదివింది. దద్దుర్లు, దగ్గు, విరేచనాలు, ఆయాసం. వీటిలో ఏది వచ్చినా మందు ఆపాల్సి రావచ్చు అంది. వార్డెనమ్మ తలూపింది. ఆవిడ చెవిన పడింది ఆ చివరి మాట.

ఆ రోజుల్లోనే చుక్కలమ్మ గదికి కొత్త రంగు వచ్చింది. సరిగ్గా ఆ చెవికి అంటుకునే రంగు. మందు మొదలుపెట్టబోయే రోగుల్లో ఎన్ని కాపలా కణాలకు ఆ చెవి ఉందో చూడాలని పై అంతస్తులో పరిశోధన పెట్టారు. మందు ఎక్కించక ముందు రక్తం తీస్తారు, ఈవిడ రంగు అద్ది లెక్క పంపుతుంది. వార్డెనమ్మ ఆ పరిశోధనలో లేదు. సంతకం పెట్టమంటే, చదవకుండా పెట్టను, కళ్లజోడు ఇంట్లో ఉంది అంది. రెండోసారి అడగడానికి అక్కడెవరికీ ధైర్యం చాల్లేదు.

మూడో మోతాదు అయిన వారానికి ఆవిడ రక్తం మామూలు పరీక్షకు వచ్చింది. పరీక్ష అయ్యాక ట్యూబులో మిగిలింది ఒక రోజు ఉంచి పారబోయడం ఆ ల్యాబు పద్ధతి. చుక్కలమ్మ ఆ మిగిలినదాన్ని తీసింది. డాక్టరు రాసివ్వని పరీక్ష చెయ్యకూడదు. ఆవిడకు తెలుసు. పందొమ్మిదేళ్లలో ఎప్పుడూ చెయ్యలేదు. రంగు అద్ది, అరగంట ఆగి, ట్యూబు తగిలించింది.

చుక్కలన్నీ ఎడమవైపే పడ్డాయి.

రంగు వెయ్యడం మరిచానేమో అనుకుని మళ్లీ అద్దింది. మళ్లీ అంతే. రంగు చెడిందేమో అని తన వేలు పొడుచుకుని తన రక్తానికి అద్దింది. తన కాపలా కణాల్లో వందకు పాతిక కుడివైపుకు వచ్చి కూర్చున్నాయి. రంగు మంచిదే. చెయ్యీ మంచిదే.

ఆ మధ్యాహ్నం సందులో నడుస్తున్నది అత్తగారి మనుషులు. దీపం కిందికి వచ్చిన ప్రతి మనిషీ తల తిప్పి చూపించాడు. చెవులు ఉండాల్సిన చోట నున్నగా ఉంది. చుక్కలమ్మ అరుగు దిగి పిలిచింది. ఎవరూ ఆగలేదు. వాళ్ల అడుగుల చప్పుడు కూడా వాళ్లకు వినిపిస్తున్నట్టు లేదు.

ఆవిడకు అర్థమైంది ఇది. అత్తగారి కణాలకు ఆ చెవే లేదు. చెవి లేనప్పుడు దూది ఎక్కడ పెడతారు? మందు పట్టుకోవడానికి చోటు లేదు. మూడుసార్లు ఎక్కించిందంతా బూడిదలో పోసిన పన్నీరు. గడ్డ మెత్తబడిందని ఈ మధ్య అత్తగారు అంటున్నది ఆశ కొద్దీ అంటున్నదే.

చెప్పడానికి నోరు రాలేదు. చెబితే చెయ్యకూడని పరీక్ష చేసినట్టు బయటపడుతుంది. అది చిన్న సంగతి. ఆపరేషనుకు లొంగని గడ్డ అది, అత్తగారికి మిగిలిన దారి ఈ ఒక్క మందే. ఆ దారి గోడకు గీసిన బొమ్మ అని ఎవరు చెబుతారు?

తొమ్మిది రోజులు గడిచాయి. పొద్దున టీ గ్లాసు అందించేటప్పుడు చుక్కలమ్మ గ్లాసు వంక చూసేది. వార్డెనమ్మ కూడా గ్లాసు వంకే చూసేది. ఇద్దరి మధ్యా ఆ గ్లాసు లేకపోతే చూసుకోవడానికి ఏమీ లేదన్నట్టుంది. గడియారాలాయన ఒకరోజు, ఇంట్లో సబ్బు వారానికి మూడు అవుతోంది, ఎవరైనా తింటున్నారా అని అడిగాడు. చేతులు శుభ్రంగా పెట్టుకోమన్నారు డాక్టర్లు, నువ్వూ కడుక్కో, నీ గోళ్ల నిండా నూనె అంది తల్లి. తొమ్మిది నుంచి ఆరు దాకా ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఆ తొమ్మిది గంటల్లో ఏం జరుగుతోందో చూసేవాళ్లు లేరు. సాయంత్రం తాడు మీద బట్టలు ఆరుతుండేవి. ముసలావిడకు తోచక ఉతుకుతోంది అనుకున్నారు ఇద్దరూ.

పదో రోజు ఒక బస్సు డ్రైవరు రక్తం వచ్చింది. మందు మొదలుపెట్టి రెండు నెలలు అయిన మనిషి. ఆయన రక్తం పరిశోధనకు రావాల్సిన పని లేదు. పైన కొత్తగా చేరిన నర్సు పాత చీటీ మళ్లీ అంటించి పంపింది. చుక్కలమ్మ తేదీ చూసుకోకుండా రంగు అద్దేసింది. అన్నీ ఎడమవైపు. ఆవిడ కాసేపు స్క్రీన్ వంక చూసి, అల్మారాలో డ్రైవరు పాత లెక్క వెతికింది. మందుకు ముందు వందకు ముప్పై ఒకటి కుడివైపు. ఇప్పుడు సున్నా. ముప్పై ఒక్క చెవులు రెండు నెలల్లో రాలిపోతాయా?

రంగులన్నీ ఉండే ఫ్రిజ్జు తాళం ఒకాయన నడుముకు వేలాడుతుంది. ఆయన్ని అందరూ ఫ్రిజ్జు బాబాయి అంటారు. చుక్కలమ్మ ఆయన దగ్గరికి వెళ్లి, ఆ కొత్త రంగు డబ్బాలో వచ్చిన కాగితం ఇమ్మంది. ఆయన సొరుగు లాగాడు. కాగితం మడత విప్పకుండానే చేతిలో పెట్టాడు.

"ఈ ఆసుపత్రిలో కాగితం అడిగిన మొదటి మనిషివి నువ్వే అమ్మా. మిగతావాళ్లు రంగు తీసుకుని పోతారు, చదవడానికి నన్ను పెట్టుకున్నారు."

చదివాను, నాలుగో పేరా చూడు అన్నాడు. నాలుగో పేరాలో రాసి ఉంది. మందు ఎక్కడ కూర్చుంటుందో ఈ రంగూ అక్కడే కూర్చుంటుంది. మందు ఎక్కినవారి రక్తానికి ఇది పనికిరాదు.

చుక్కలమ్మ కాగితం పట్టుకుని గోడకు ఆనుకుంది. చెవులు ఉన్నాయి. ప్రతి చెవిలోనూ దూది ఉంది. దూది ఉన్నచోట రంగుకు చోటు దొరకలేదు. పనిలో చేరి పాతిక రోజులైన పిల్లకి తెలిసే సంగతి పందొమ్మిదేళ్లుగా చేస్తున్న తనకు తెలియలేదు. మందుకు ముందు రక్తమే చూసి చూసి, మందు తర్వాత అనే మాటే ఆవిడ తలకు ఎక్కలేదు.

ఊహ మీద వదిలేసే మనిషి కాదు. మందునే పట్టుకుని మెరిసే రంగు ఇంకొకటి ఉంది. బాబాయి చేత అది తీయించి డ్రైవరు కణాలకు అద్దింది. ముప్పై కుడివైపుకు వచ్చాయి. సందులో నడిచేవాళ్లు ఒక్కొక్కరే దీపం కింద ఆగారు. చెవుల్లో తెల్లటి దూది. చుక్కలమ్మకు నవ్వొచ్చింది. చీకటి గదిలో ఒక్కతే నవ్వుకుంది. అత్తగారి రక్తంలో సున్నా వచ్చిందీ ఇందుకే. అత్తగారికి మందు పడుతోంది. ఆశ కాదు, గడ్డ నిజంగానే మెత్తబడుతోంది.

నవ్వు సగంలో ఆగింది.

సందులో వాళ్లు నడుస్తున్నారు. ఇరుపక్కలా ఇళ్లు, గడపల్లో జనం. ఇక చాలు, ఇక చాలు అని గడపల్లో జనం చేతులు అడ్డం పెడుతున్నారు. నడిచేవాళ్లకు వినపడడం లేదు. ఒకడు ఒక తలుపు మీద కర్రతో కొట్టాడు.

వారానికి మూడు సబ్బులు. ఆరు గంటలకు ఇంటికెళితే తాడు మీద బట్టలు. నర్సు చదివిన జాబితాలో మూడో మాట, విరేచనాలు. చుక్కలమ్మ యంత్రం ఆపి, సగం రోజు సెలవు రాసిచ్చి బయటికి నడిచింది.

ఇంటికి చేరేసరికి పన్నెండున్నర. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. స్నానాలగది తలుపు వేసి ఉంది. లోపల నీళ్ల చప్పుడు. వసారాలో తాడు మీద నాలుగు జతలు ఆరుతున్నాయి. స్టూలు లాక్కుని తలుపుకెదురుగా కూర్చుంది. చాలాసేపటికి వార్డెనమ్మ గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. కోడల్ని చూసి ముందు గడియారం వంక చూసింది.

"ఈ వేళప్పుడు వచ్చావేం?"

"ఇవాళ ఎన్నిసార్లు వెళ్లారు అత్తయ్యా?"

ఎక్కడికి అంది వార్డెనమ్మ. తర్వాత రెండుసార్లు అంది. మంచం దాకా నడిచి కూర్చుని, మూడు అంది. లెక్కపెట్టడం నా పని అత్తయ్యా, తాడు చూశాను అంది కోడలు. ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల చేత నిజాలు కక్కించిన మనిషికి, కక్కకుండా ఎలా కూర్చోవాలో కూడా తెలుసు.

చుక్కలమ్మే ముందు బయటపడింది. మీకు చెప్పకుండా మీ రక్తం పరీక్ష చేశాను, మందు మీకు పట్టడం లేదనుకున్నాను, తొమ్మిది రోజులుగా దాచాను, తప్పు నాదే, చూసిందీ తప్పు, దాచిందీ తప్పు అని ఏకబిగిన చెప్పేసింది. దూది సంగతి, రంగు సంగతి, బస్సు డ్రైవరు సంగతి అన్నీ చెప్పింది.

వార్డెనమ్మ అంతా విని, "తొమ్మిది రోజులు నువ్వు నా మొహం చూడకపోతే మీ ఇద్దరికీ ఏదో గొడవనుకున్నాను. వాణ్ణి పట్టుకుని రెండు పూటలు తిట్టాను కూడా" అంది. తర్వాత మెడ తడుముకుంది. "ఇంతకీ పడుతోందా, లేదా?"

"పడుతోంది. ఒక్క చెవీ ఖాళీ లేదు."

"అయితే ఆపరుగా?"

ఆపరు అనేస్తే ఆవిడ అప్పటికప్పుడు లేచి వచ్చేది. చుక్కలమ్మకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఆపుతారు" అంది.

వార్డెనమ్మ పక్క మీది దుప్పటి సర్దింది. మందు ఎక్కించే గదిలో తన పక్క కుర్చీలో కూర్చునే పోస్టుమాన్ గురించి చెప్పింది. రిటైరైన మనిషి, కబుర్లపోగు. రెండో మోతాదుకు చేతుల మీద దద్దుర్లు వచ్చాయని నర్సుకు చూపించాడు. మూడోసారికి ఆ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. చెప్పినవాడి కుర్చీ పోయింది అంది. నేను మెట్లెక్కగలుగుతున్నాను, కిందటి నెల ఎక్కలేకపోయాను, తల అటూ ఇటూ తిప్పగలుగుతున్నాను, ఇది చేజార్చుకోమంటావా అని అడిగింది. గొంతు పెంచలేదు. పోస్టుమాన్ ఏమయ్యాడో తనకు తెలియదని చుక్కలమ్మ ఒప్పుకుంది.

తెలిసింది మాత్రం చెప్పింది. పేగు లోపలి గోడ కూడా కణాలే. కాపలా కణాలు అక్కడ నిత్యం తిరుగుతుంటాయి. తిండిని చూసి, కడుపులో ఉండే పురుగూ పుట్రను చూసి చెయ్యెత్తుతాయి, ఇక చాలు అని వినగానే దించుతాయి. రోజుకు వెయ్యిసార్లు జరుగుతుంది, మనకు తెలియదు. ఇప్పుడు పేగు అరుస్తోంది, వాటికి వినపడదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెడుతున్నాయి. పోనీ అని ఊరుకుంటే పేగుకు చిల్లు పడుతుంది. అప్పుడు గడ్డ ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

వార్డెనమ్మ తాడు మీది బట్టల వంక చూసింది. గాలికి అవి లేచి పడుతున్నాయి. ఆ తర్వాత, ఎవరితోనో చెబుతున్నట్టు, హాస్టల్ సంగతి ఒకటి చెప్పింది. కోడలికి ఆ కథ తెలియదు, కొడుక్కీ తెలియదు.

ఆ హాస్టల్లో పిల్లల బట్టలు పోతుండేవి. లాండ్రీ మనుషులు గేటు దగ్గర వార్డెన్ సంతకం ఉన్న చీటీ చూపించి లోపలికొచ్చి మూటలు తీసుకెళ్లాలి. ఒకడు అలాంటి చీటీయే సంపాదించి వారం వారం వచ్చి మూట కట్టుకుపోయేవాడు. వాడు దొంగ మేడం అని పిల్లలు మొత్తుకునేవాళ్లు. వార్డెనమ్మ చీటీ చూసి, సంతకం నాదే, నోళ్లు మూసుకుని గదుల్లోకి పొండి అనేది. పిల్లలు ఎత్తిన కర్రలు దించి పోయేవాళ్లు. ఒకసారి ఆవిడకు జ్వరమొచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టింది. మొదటి రోజే దొంగ వచ్చాడు. చీటీ చూపించాడు. చూసి ఆపేవాళ్లు లేరు. పిల్లలు వాణ్ణి చావగొట్టారు. మళ్లీ ఆ వైపు రాలేదు. మూడో రోజు అసలు లాండ్రీ ఆయన వచ్చాడు. పన్నెండేళ్లుగా వస్తున్న మనిషి. ఆయనా చీటీ చూపించాడు. భుజాన మూట ఉంది. పిల్లలకు ఆ మూటే కనిపించింది.

"ఆయన కాలు విరిగింది," అంది వార్డెనమ్మ. "దొంగ చీటీకి మోసపోయింది నేనే. దానికి నన్ను తిట్టినా పడతాను. కానీ మూడో రోజు నన్ను ఇంటికొచ్చి పిలిచి ఉంటే, జ్వరంలోనైనా వెళ్లేదాన్ని. ఎందుకు పిలవలేదే అంటే, మీరొస్తే మళ్లీ దొంగని రానిస్తారు మేడం అన్నారు."

చుక్కలమ్మ స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది.

"ఈ మందు వార్డెన్ని కట్టేసింది, అంతేగా? చెవులూ దూదీ అని ఆ డాక్టరు నాకు అరగంట చెప్పాడు." వార్డెనమ్మ మంచం దిగింది. "ఆ పిల్లలకు నేను పెట్టిన తిట్లు ఇప్పుడు నేనే తినాలి. సంచీ తియ్యి. నా కళ్లజోడు కూడా పెట్టు."

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు రోజుకు ఎన్నిసార్లు అని అడిగాడు. నోటిదాకా వచ్చిన అంకె చుక్కలమ్మ మింగేసింది. ఆ అంకె చెప్పాల్సింది తను కాదు. డాక్టరు కలం పట్టుకుని ఎదురుచూశాడు. గోడ మీద పంకా తిరుగుతోంది. వార్డెనమ్మ రెండు చేతులూ ఒడిలో పెట్టుకుంది.

"పదకొండు. ఐదు రోజులుగా. నిన్నటి నుంచి రక్తం పడుతోంది."

గొట్టం వేసి చూస్తే పేగు గోడంతా పుండు. ఇంకో రెండు మూడు రోజులైతే కోసి తీయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు. ఆ పూటే స్టెరాయిడ్ ఎక్కించడం మొదలుపెట్టారు. దానికి మంచీ చెడూ తెలియదు, కర్రలు పట్టుకున్న వాళ్లందర్నీ కూర్చోబెడుతుంది. క్యాన్సర్ మందు ఆపేశారు. మళ్లీ మొదలుపెడతారా అని వార్డెనమ్మ అడిగితే, పెట్టకపోవచ్చు అన్నాడు. గడ్డను కొలిచాడు. నిమ్మకాయంత ఉన్నది బఠాణీ గింజంత అయింది. చెవుల్లో దూది ఒక్కరోజులో ఊడదు, నెలలు పడుతుంది, ఈలోగా దొంగ మొహం చూసిన కణాలు గుర్తుపెట్టుకోవచ్చు, మరిచిపోనూవచ్చు, మాట ఇవ్వలేను అన్నాడు. వార్డెనమ్మ సరే అంది. ఆవిడ అంత ముక్తసరిగా మాట్లాడడం, కబురంది వచ్చిన కొడుకు ఎప్పుడూ వినలేదు.

వార్డులో మధ్యాహ్నాలు పొడుగు. సీసా లోంచి మందు బొట్టు బొట్టుగా దిగేది. చుక్కలమ్మ పని ముగించుకుని వచ్చి మంచం పక్కన కూర్చునేది. మూడో రోజు బొట్లను చూస్తూ చూస్తూ సందులోకి వెళ్లింది. అక్కడ వాన పడుతోంది. చప్పుడు లేని వాన. తలుపులు బాదుతున్నవాళ్లు తడిసి, చేతులు బరువెక్కి, ఒక్కొక్కరే గడపల మీద కూర్చుంటున్నారు. ఇళ్లలోంచి జనం తొంగి చూస్తున్నారు. ఒకావిడ తువ్వాలు అందించింది. అరుగు మీద తన పక్కన ఎవరో ఉన్నట్టనిపించి తిరిగి చూస్తే అత్తగారు. కళ్లజోడు పెట్టుకుని, గడపల మీద కూర్చున్నవాళ్లను లెక్కపెడుతోంది. మీరెలా వచ్చారు అని అడిగింది కోడలు. ఇది నా ఒళ్లు, నన్నడుగుతావేం అంది ఆవిడ. కళ్లు నలుపుకుని చూస్తే వార్డెనమ్మ మంచం మీద నిద్రపోతోంది. ఆ రోజు లెక్క ఆరు. తర్వాతి రోజు నాలుగు. వారం తిరిగేసరికి ఒకటి.

రాసివ్వని పరీక్ష చేసినట్టు చుక్కలమ్మ తనే రిజిస్టర్లో రాసి ల్యాబు అధికారి ముందు పెట్టింది. ఆయన పావుగంట తిట్టి, చివర్న, మందు ఎక్కినవారికి ఈ రంగు వాడరాదు అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో అంటించమన్నాడు. ఫ్రిజ్జు బాబాయి అంటించాడు. కాగితం చదవనివాళ్లు డబ్బా చదువుతారా అని అడిగి మరీ అంటించాడు.

ఆరు వారాలకు వార్డెనమ్మ పెద్ద డాక్టరు ముందు కూర్చుంది. పక్కన కోడలు. కొత్త ఫోటోలు గోడకున్న వెలుతురు పలక మీద పెట్టి, డాక్టరు స్కేలుతో మెడ పక్కన రెండుసార్లు కొలిచాడు. మందు లేని ఆరు వారాల్లో గడ్డ పెరగలేదు. బఠాణీ గింజ బఠాణీ గింజే. ఇంకో ఆరు వారాలకు మళ్లీ చూద్దాం, అప్పటికీ ఇలాగే ఉంటే మళ్లీ ఆరు వారాలకు, అలా చూసుకుంటూ పోవడమే అన్నాడు. చుక్కలమ్మ అత్తగారి చేతి మీద చెయ్యి వేసింది. ఆవిడ తీయమనలేదు.

ఈ మధ్యలో ఏమైనా తేడా కనిపించిందా, చిన్నదైనా పర్వాలేదు అని అడిగాడు డాక్టరు.

వార్డెనమ్మ సంచీలోంచి కాగితం తీసింది, కళ్లజోడు పెట్టుకుంది. కుడి మోకాలు పొద్దున పూట పట్టేస్తోంది. ఎడమ చేతి చిటికెన వేలు చల్లగా ఉంటోంది. మంగళవారం రెండు తుమ్ములు. ఆకలి వేళకు ముందే అవుతోంది. నాలుక మీద ఇనుము రుచి, టీ తాగితే పోతోంది. ఒక్కొక్కటే, తేదీతో సహా, హాజరు పిలిచినట్టు చదివింది. డాక్టరు మొదటి పదీ రాసుకున్నాడు. పద్నాలుగోది వచ్చేసరికి చుక్కలమ్మ వంక చూశాడు. ఆవిడ కిటికీ వంక చూస్తోంది. ఇరవై ఒకటోది చదివి వార్డెనమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. డాక్టరు కలం మూత పెట్టబోయాడు.

"ఉండండి బాబూ," అంది వార్డెనమ్మ, కాగితం తిప్పుతూ. "వెనక కూడా రాశాను."